వింతకథలును, ప్రశ్నించు పాఠకుడును
(మా పట్టణ పఠనమందిరపు వార్షికసభలో జేసిన యుపన్యాసము)



ఈ మందిరపు కార్యవర్గము ముందు నేడొక తీర్మానము గలదు. ఈ యేటి పుస్తకముల సొమ్ములో అపరాధ పరిశోధక నవలలకుగాని, శాస్త్ర కల్పనలకుగాని, మాయామంత్రముల కథలకుగాని యొక్క రూపాయయు వెచ్చింపరాదనియు, ఉన్నవానిని బీరువాలనుండి తొలగింపవలయుననియు దాని సారాంశము. దానిని దెచ్చినవారు మాకు పెద్దలు, పూజ్యులు. ఇవి వట్టి కాలక్షేపమనియు, యువకుల బుద్ధిని పాడుచేయుననియు వారి భయము. గ్రంథాలయోద్యమమున స్వచ్ఛంద సేవకులమై పుస్తకముల మూటలు మోసినవారము గనుక వారి యావేదన మాకు దెలియును. అయినను ఆ తీర్మానమును మేము వ్యతిరేకించుచున్నాము. కారణములు మనవి చేసికొందుము.

వాదమునకు ముందొక యొప్పుకోలు. పాఠశాలలో జదువునాడు అద్దెపుస్తకముల దుకాణమునుండి కొమ్మూరి సాంబశివరావుగారి నవలలు దెచ్చి, బీజగణితపు పుస్తకమునడుమ దాచి చదివినవారము మేము. డిటెక్టివు యుగంధరు మాకు లెక్కల మాష్టరుగారికంటె దగ్గరివాడు. కావున మా సాక్ష్యమును పక్షపాతముగల సాక్షి మాటగా నెంచియే పరీక్షింపుడు.

మేము చెప్పదలచినది యొక్కటే. కథ వింతదా, కాదా యనునది ప్రశ్న గాదు. అది పాఠకుని ప్రశ్నించు శక్తిని పెంచునా, చంపునా యనునదియే ప్రశ్న.

మొదట అపరాధ పరిశోధనము. విల్కీ కాలిన్సు 1868వ సంవత్సరమున ప్రకటించిన 'మూన్‌స్టోను' నవలను జూడుడు. ఒక యాంగ్లేయ గృహమున వజ్రము మాయమగును. దొంగ యెవడని కథ వెదకును. పలువురు సాక్షులు వంతులవారిగా కథ చెప్పుదురు. ఎవరు చెప్పినను తామెరిగినంతవరకే చెప్పవలెనని నియమము. న్యాయస్థానమున సాక్షికి మేము గుర్తుచేయునదియు నిదియే. అయితే రచయిత కథారంభముననే వేరొక సంగతి దెలిపియున్నాడు. 1799వ సంవత్సరమున శ్రీరంగపట్టణము కూలిననాడు ఒక యాంగ్లేయ సైనికోద్యోగి నెత్తురు చిందించి యా వజ్రము నపహరించెను. ఇంటిదొంగకై పోలీసులు, పరిశోధకులు గుమిగూడిరి; మొదటి దొంగతనమును విచారించిన న్యాయస్థానము మాత్రము లేదు. తుదకు మణి సోమనాథ ప్రాంతమున దేవతామూర్తి నొసట మరల వెలుగును. ఇంగ్లండు దేశపు పాఠకులకై ఆంగ్లేయుడే వ్రాసిన పుస్తకమిది. కాలక్షేపమునకు జదివినవానికి సైతము, దొంగ యనగా నెవడని యొక ముల్లు మనసున నాటుకొనును.

కోనన్ డాయిలు 1887వ సంవత్సరమున సృజించిన షెర్లాకు హోమ్సు కథలు మాకు ప్రియమైనవి. 1893లో రచయిత వానిని చంపగా పాఠకులు కలవరపడిరి. 1903లో బ్రతికింపక తప్పినది కాదు. కాని యొక లోపము గలదు. హోమ్సు చూచినదెల్ల మనకు జూపడు. వాడు చెప్పినపుడు అబ్బురపడుటయే మన పని. అగాథా క్రిస్టీ 1926లో వ్రాసిన 'రోజరు ఆక్రాయిడు హత్య' యట్లు గాదు. ఆనవాళ్లు మన కన్నుల యెదుటనే యుండును, అయినను మోసపోవుదుము. మోసగించినది మన యూహయే యని పుస్తకము మూసిన పిదప దెలియును. ఇట్టి మోసము చదువరికి మేలు చేయును.

ఈ జాతి నవలలలో నొక దోషమును న్యాయవాదిగా చెప్పక తప్పదు. కడపటి ప్రకరణమున పరిశోధకుడు అందరిని ఒక గదిలోనికి బిలిచి వేలు చూపును, నేరస్థుడు ఒప్పుకొనును, కథ కంచికి జేరును. న్యాయస్థానమున పని యారంభమగునది యచ్చటనే. పోలీసు అధికారియెదుట చేసిన యొప్పుకోలు ముద్దాయిమీద రుజువుగా చెల్లదని 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము 25వ సెక్షనులో విధించెను. 2024 జూలై 1వ తేదీనుండి యమలులో నున్న భారతీయ సాక్ష్య అధినియమము సైతము 23వ సెక్షనులో నా సూత్రమునే నిలిపినది. ఒప్పుకోలు ఎట్లు రాబట్టబడునో ఎరిగినవారు చేసిన నియమమది. నాలుగు దెబ్బలు తగిలిన నిజము బయటపడునని నేర్పు చౌకబారు నవలను మేమును మెచ్చము. దానిని వద్దనుటకును, షెర్లాకు హోమ్సును వద్దనుటకును గల యంతరమును మాత్రము మరువవలదు.

రెండవది శాస్త్ర కల్పనము. ఇవి యంత్రముల కథలని పెద్దలందురు. మా దృష్టిలో అధికారపు కథలు. జూల్సు వెర్ను సృష్టించిన నీమో కాప్తాను సముద్రగర్భమున నావ నడపుచు సామ్రాజ్యములపై పగబట్టినవాడు. అతడెవరో 1875వ సంవత్సరపు 'మర్మద్వీపము'న వెల్లడియగును. బుందేలుఖండపు రాజకుమారుడు దక్కారు. 1857 సంగ్రామమున పోరాడి సర్వమును గోల్పోయినవాడు. పందొమ్మిదవ శతాబ్దమున నొక ఫ్రెంచి రచయిత తన కాలమునకు మించిన యంత్రమును భారతీయుని చేతిలో బెట్టెను!

హెచ్. జి. వెల్సు 1898వ సంవత్సరమున ప్రకటించిన 'లోకముల యుద్ధము'లో అంగారక గ్రహవాసులు ఇంగ్లండుపై బడుదురు. వారిని నిందించుటకు ముందు, తెల్లవారు టాస్మేనియా ప్రజలను రూపుమాపిన వైనమును దలచుకొమ్మని రచయిత తొలి ప్రకరణముననే హెచ్చరించెను. జయించువాని యింటికే జయించువానిని బంపి, నీకెట్లున్నదని యడుగుటకు మించిన ప్రశ్న యేది? ఇట్టి ప్రశ్న సభలో వేసిన గొంతు మూయుదురు. కథలో వేసిన డబ్బిచ్చి కొని చదువుదురు.

మనవారును వెనుకబడలేదు. విద్యుత్తరంగములపై ప్రయోగములు చేసిన జగదీశచంద్ర బోసు 1896వ సంవత్సరమున వంగభాషలో నొక కథ వ్రాసెను. అందు తలనూనె సీసా సముద్రపు తుఫానును శాంతింపజేయును. రొకెయా హుస్సేను 'సుల్తానా స్వప్నము' 1905వ సంవత్సరమున మన మద్రాసునందే, ఇండియన్ లేడీస్ మ్యాగజైనులో వెలువడెను. అందు స్త్రీలు సూర్యుని వేడిమిని యంత్రములకు లొంగదీసి, మేఘములనుండి నీరు దింపి రాజ్యమేలుదురు. పురుషులు ఘోషాలో నుందురు. నవ్వుచు జదివి, ముగించి, మన యింటి వంటగదివైపు జూచినచో నవ్వు నిలువదు. తీర్మానము నెగ్గెనేని ఈ పుస్తకమునకును మన బీరువాలో చోటుండదు.

మూడవది అద్భుత కథ. పదునారవ శతాబ్దమున పింగళి సూరన కళాపూర్ణోదయమున మాయలు, శాపములు, రూపాంతరములు పెనవేసి, చిక్కుముడులన్నియు పిదప నొక్కటొక్కటిగా విప్పెను. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో గోపబాలుడు మజిలీమజిలీకి తాను జూచిన వింతను జెప్పి యిదేమని యడుగును. మణిసిద్ధుడు బదులు చెప్పిననే ప్రయాణము సాగును. అడుగువాడు లేనిచో ఆ కథలే లేవు. విశ్వనాథ సత్యనారాయణగారి 'హాహా హూహూ'లో గుఱ్ఱపు తలగల గంధర్వుడు లండను నగరమున బడి యచ్చటి పండితులకే సందేహములు పుట్టించును. వీనిని దీసివేసిన తెలుగు బీరువా యెట్టిదగునో యోచింపుడు.

కాని యిచ్చట పెద్దల భయము నిజమైన తావొకటి కలదు. దానిని దాచుట మాకు ధర్మము గాదు. కొన్నియేండ్ల క్రిందట మేమొక వృద్ధుని కుటుంబమునకు వ్యాజ్యమున సాయపడితిమి. పొరుగింటి బిడ్డకు జ్వరము తగ్గలేదు. వృద్ధుడు బాణామతి చేసెనని చెట్టునకు గట్టి కొట్టిరి. 'చేయగా నీవు చూచితివా?' యని న్యాయస్థానమున నడుగగా సాక్షి, 'చూచుట యెందుకండీ, ఊరందరికి తెలిసినదే' యనెను. ఆతడు నవల చదివినవాడు గాడు. కాని చేతబడి నిజమేనేమో యని చదువుకొన్నవారిని సైతము భయపెట్టు నవలలు మన పత్రికలలో వారమువారము వెలువడిన దినములు గలవు. రాత్రి దీపమార్పక వానిని మేమును జదివితిమి. ఆ సాక్షి మాట విన్ననాడు మా తల వంగినది. గంధర్వుని కథను జదివి యెవడును పొరుగువానిని గుఱ్ఱమని కట్టివేయడు. అది తన్ను కథయని చెప్పుకొనును. చేతబడి నవల తన్ను లోకవృత్తమని నమ్మించును. నేడును మంత్రగాడను నెపమున మనుష్యులను జంపిన వార్తలు పత్రికల కెక్కుచున్నవి.

అయిననేమి చేయవలె? బీరువాకు తాళము వేసిన ఆ నవలలు అంతరించునా? చేతిలోని ఫోనులో నవి వేలకొలది దొరకుచున్నవి. మందిరము తప్పుకొన్నచో ఏరి చెప్పువాడు లేక పిల్లలు చెడ్డదానినే చదువుదురు.

కావున తీర్మానమునకు మారుగా మూడు పరీక్షలు మేము సూచించుచున్నాము. పరిశోధక నవల యానవాళ్లను పాఠకునికి నిజాయితీగా చూపునా? శాస్త్ర కల్పన బలవంతుని నిలదీయునా, వానికి భజన చేయునా? అద్భుత కథ తన్ను కథయని చెప్పుకొనునా, లోకమున నొక నిర్దోషిపై అనుమానము రేపునా? నెగ్గినవానిని కొందము. నెగ్గనివానిని దాచక, నెలకొక సాయంకాలము యువకులతో గూర్చుండి, యెందుకు నెగ్గలేదో చర్చింతము. తొలి సాయంకాలమునకు 'సుల్తానా స్వప్నము' ప్రతులను మేము తెచ్చెదము.

ఆ సాక్షిని మేమడిగిన ప్రశ్న, 'నీవు చూచితివా?' యనునది, ఊరిలో నొక్కరైనను సకాలమున నడిగియుండిన ఆ వృద్ధుడు చెట్టునకు గట్టబడియుండడు. అట్లడుగు నలవాటు పదునాలుగేండ్ల బాలునికి ధర్మశాస్త్రముకంటె ముందు యుగంధరు కథయే నేర్పునేని, ఆ బాలుని చేతినుండి పుస్తకమును లాగికొనకుడు. తీర్మానమును తిరస్కరింపుడని సభవారిని సవినయముగా వేడుచున్నాము.