మాస్టారి సైకిలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కదా, ఏ వంతెన గురించో మాట్లాడతాననుకుని ఉంటారు. నేను మాట్లాడేది వేదిక పక్కన స్టాండు వేసి ఉన్న ఆ సైకిలు గురించి. 1980ల్లో ఇక్కడ చదివిన వాళ్లు ఈపాటికే గుర్తుపట్టారు. అది మన లెక్కల మాస్టారిది. గేటు దగ్గర దాని బెల్లు వినపడితే చాలు, గోలీలు జేబులో వేసుకుని క్లాసులోకి పరిగెత్తేవాళ్లం.

మాస్టారు పోయిన తరువాత ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్లమ్మాయి నాకు ఫోన్ చేసింది. "అన్నా, నాన్న సైకిలు పాతిరుముకు వెయ్యడానికి మనసొప్పడం లేదు. నువ్వు తీసుకుపోతావా?" అంది. వెళ్లి చూస్తే గొడ్ల కొట్టంలో గోడకు ఆనించి ఉంది. టైర్లు పొడి అయిపోయాయి. చైను కట్టెలా బిగుసుకుంది.

అది హెర్క్యులిస్ బండి. మద్రాసు పక్కన అంబత్తూరులో మురుగప్ప వారు, ఇంగ్లండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వారు కలిసి 1949లో మొదలుపెట్టిన టి.ఐ. సైకిల్స్ వారిది. రాడ్ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, ముందు 32 పుల్లలు, వెనక 40. బరువంతా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి ఆ ఎనిమిది పుల్లలు ఎక్కువ. ఇలాంటి బండ్ల మీదే మన జిల్లా నడిచింది. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు ఢిల్లీలో పార్లమెంటుకు కూడా సైకిలు మీదే పోయేవారు.

మూడు నెలల ఆదివారాలు మా ఇంటి వరండాలో దాంతో గడిచాయి. మన తీరంలో ఇనుముకు పెద్ద శత్రువు ఉప్పుగాలి. ఉప్పు గాలిలోని చెమ్మను పట్టి ఉంచుతుంది, పైపూతలో సూది మొనంత సందు దొరికినా లోపలికి దిగి ఇనుమును గుంటలుగా తినేస్తుంది. బిగుసుకున్న మరలకు కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేశాను. క్రోమియం భాగాలను ఆక్జాలిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, ఆ రోజే నూనె రాశాను. ఆ పూటకు నూనె రాయకుండా వదిలేస్తే మర్నాటికి మళ్లీ తుప్పే. మాస్టారి చెయ్యి తగిలి అరిగిన నల్లరంగు మాత్రం అలాగే ఉంచాను.

ఎడమ పెడలు దగ్గర నా చదువు బయటపడింది. స్పానరు పెట్టి బలమంతా ఉపయోగించాను, కదల్లేదు. మా వీధి చివర సైకిలు షాపు పెద్దాయన వచ్చి చూసి, "ఏంది సార్, అట్ట తిప్పితే ఇంకా బిగుసుకుంటది. ఎడం పెడలుకు మర ఎదురు గదా" అన్నాడు. ఆయన అయిదో తరగతితో బడి మానేశాడు. కారణం నేను పుస్తకంలో చదివిందే, కానీ నా చేతికి తెలియదు. పిల్లలూ, వదులుగా మూసిన గుప్పిట్లో పెన్సిలు పెట్టుకుని, దాని కొసను సున్నా చుట్టినట్టు తిప్పి చూడండి. పెన్సిలు తన చుట్టూ తాను ఎదురు దిక్కుకు తిరుగుతుంది. తొక్కేటప్పుడు పెడలు ఇరుసు మీద పనిచేసేది అదే. ఎడమ వైపు కూడా మామూలు మరే ఉంటే తొక్కగా తొక్కగా పెడలు ఊడి కింద పడుతుంది.

ఇంకో పాఠం ముందు ఫోర్కు నేర్పింది. పైకి బాగానే కనిపించింది. చిన్న సుత్తితో తడితే ఒక కాలు ఖంగుమంది, రెండోది బొద్దుగా పలికింది. స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిస్తే లోపలికి దిగింది. లోపలి నుంచి తినేసింది తుప్పు. రంగేసి కప్పేస్తే ఈ సభకు అంతా అసలుదే అని చెప్పి తేవచ్చు. కానీ అది విరిగితే తొక్కేవాడు ముందుకు బోర్లా పడతాడు. అందుకే వేరే పాత బండి నుంచి గట్టి ఫోర్కు తెచ్చి వేశాను. రంగు తేడా తెలుస్తూనే ఉంది, తెలియనీ అని వదిలేశాను.

ఇక అసలు సంగతి. తొమ్మిదో తరగతిలో మాస్టారు ఈ సైకిలుతోనే నిష్పత్తులు చెప్పారు. 28 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే 88 అంగుళాలు. ముందు పళ్లు 48, వెనక 18. ఒక తొక్కుకు దాదాపు ఆరు మీటర్లు. మైపాడు రోడ్డులో తొమ్మిది కిలోమీటర్ల దూరాన ఉన్న తన ఇంటికి 1,500 తొక్కులు అని లెక్క కట్టించారు.

ఒకనాడు హోంవర్కు చెయ్యలేదని నన్ను బెంచీ ఎక్కించారు. సాయంత్రం ఆయన వెనక టైరులో తుమ్మముల్లు దిగి ఉంది. దారిలో పంచరు షాపు లేదు. సముద్రం వైపు నుంచి ఎదురుగాలి. ఆయన సైకిలు నెట్టుకుంటూ నడిచిపోయారు. మర్నాడు వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా బోర్డు మీద లెక్క రాశారు: "అడుగుకు ముప్పావు మీటరు. తొమ్మిది కిలోమీటర్లకు ఎన్ని అడుగులు?" 12,000 అని అందరికంటే ముందు చెప్పింది నేను. "భేష్ అబ్బయ్యా" అన్నారు.

ఆ ముల్లు గుచ్చింది నేనే. ఆయన ఉండగా చెప్పడానికి చాలాసార్లు అవకాశం వచ్చింది, చెప్పలేదు. ఈ రోజు మీ అందరి ముందు, ముందు వరుసలో కూర్చున్న వాళ్లమ్మాయి ముందు చెబుతున్నాను.

ఒక్క ప్రార్థనతో ముగిస్తాను. మన బడి షెడ్డులో ఆడపిల్లల సైకిళ్లు కొన్ని మూలన పడి ఉన్నాయి. నిన్న చూశాను. చాలా వాటికి పంచరు, తెగిన చైను, అరిగిన బ్రేకు కట్టలు, అంతే. ఒక బల్ల, పంపు, స్పానర్లు నేను ఇస్తాను. నెలకో ఆదివారం మనలో ఇద్దరు వస్తే చాలు. పదో తరగతి దాటే లోపు ప్రతి పిల్లా పిల్లాడూ పంచరు వెయ్యడం నేర్చుకోవాలి. మొదటి పాఠం చెప్పడానికి మా వీధి పెద్దాయన ఒప్పుకున్నారు.

ఈ సైకిలును అద్దాల బీరువాలో పెట్టకండి. దూరం నుంచి నడిచొచ్చే పిల్లలెవరికైనా ఇవ్వండి. గాలి నింపే తెచ్చాను.

సెలవు.