కత్తెర పట్టిన చేయి



చలనచిత్రము చూచి వచ్చినవారు నటీనటులను స్మరింతురు, దర్శకుని కొనియాడుదురు. తీసిన ఫిల్మును కత్తిరించి, అతికి, కథకు నడక కల్పించిన ఎడిటరు పేరు ఎందరికి జ్ఞప్తియందుండును? అట్టివారిలో ఒకరైన ఫ్రెంచి వనిత సెసిల్ దెక్యూజిస్ (1930–2017) చరిత్రము తెలిసికొనదగినది.

ఝాఁ లుక్ గొదార్ తొలి పూర్తి నిడివి చిత్రము, ఆంగ్లమున 'బ్రెత్‌లెస్' అను పేర ప్రసిద్ధమైనది, 1960లో విడుదలయ్యెను. దానిని కూర్చినది ఈమెయే. మొదటి కూర్పునందు చిత్రము మిక్కిలి దీర్ఘమయ్యెను. అట్టి సందర్భములందు కొన్ని దృశ్యములను పూర్తిగా తొలగించుట పరిపాటి. గొదార్ మాత్రము దృశ్యములను ఉంచి, వాని లోపలి ముక్కలనే తీసివేయ నిశ్చయించెను. కారులో నాయిక కూర్చుండియే యుండును. నాయకుని మాట సాగుచునే యుండును. వెనుకనున్న పారిస్ వీధి మాత్రము చటుక్కున మారిపోవును. అతుకు కనబడుట దోషమని అంతవరకు నియమము. ఆ దోషమే 'జంప్ కట్' అను పేర లోకప్రసిద్ధి పొందెను.

ఆ కీర్తి అనుభవించు అవకాశము ఆమెకు చిక్కలేదు. 1954లో ఆరంభమైన అల్జీరియా స్వాతంత్ర్య సమరమున ఆమె తన దేశ ప్రభుత్వమును కాదని అల్జీరియా జాతీయ విమోచన కూటమికి తోడ్పడెను. ఆమె అద్దెకు తీసికొనిన ఇల్లు ఆ కూటమివారికి ఆశ్రయమైనదన్న నేరముపై 1960లో న్యాయస్థానము ఐదేండ్ల శిక్ష విధించెను. అందు రెండేండ్లు ఆమె చెఱలో గడపెను. అల్జీరియా 1962లో స్వతంత్రమయ్యెను.

పిమ్మట ఆమె ఎరిక్ రోమేర్ చిత్రములకు ఎడిటరయ్యెను. 1969 నాటి 'మై నైట్ ఎట్ మాడ్స్', 1970 నాటి 'క్లేర్స్ నీ', 1983 నాటి 'పోలీన్ ఎట్ ది బీచ్' వానిలో కొన్ని. రోమేర్ పాత్రలు తీరికగా కూర్చుండి మాటలాడుకొందురు. ఒకరి మాట వినబడుచుండగా ఎవరి ముఖము చూపవలెను, ఒక మౌనమును ఎంతసేపు నిలుపవలెను అనునవే అచ్చట ఎడిటరు తేల్చవలసిన ప్రశ్నలు. కత్తెర పడిన చోటు ప్రేక్షకునకు తెలియరాదు. కత్తెర జాడను లోకమునకు చూపిన చేయియే ఈ చిత్రములందు ఆ జాడను మాపివేసినది.

ముసాయిదా వ్రాయువారొకరు, సంతకము చేయువారు వేరొకరు. ఈ సభయందలి ఉద్యోగులకు ఆ సంగతి క్రొత్త కాదు. పనియందు పేరు మఱుగుపడుటకు దెక్యూజిస్ ఎన్నడును వెనుదీయలేదు. అన్యాయమని తాను తలచినదాని యెదుట మఱుగున నిలువ మాత్రము ఆమె అంగీకరింపలేదు. చిత్రాంతమున పేర్లు తెరపై సాగునప్పుడు ప్రేక్షకులు ఒక్క నిమిషము కూర్చుండి ఎడిటరు పేరు చదివినచో, అట్టివారికి అదియే తగిన గౌరవము.