గుడ్డు పెంకులోంచి వెళ్లే వెలుగు

మీ ఇంటి పెరట్లో తిరిగే పిల్లలకోడి గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ఈసారి ఆ పిల్లల్ని కాసేపు గమనించండి. రాళ్ల మధ్య పడ్డ నూకలు ఏరుకుంటూనే, ఉన్నట్టుండి ఒక పిల్ల మెడ వాల్చి ఒంటికన్నుతో ఆకాశంకేసి చూస్తుంది. గద్ద వస్తోందేమోనని. గింజని చూడటం, గద్దని కనిపెట్టడం రెండూ ఒకేసారి దానికెలా సాధ్యం?

జవాబు దాని మెదడులోని నరాల అల్లికలో ఉంది. మన కంటి నరంలో సుమారు సగం పోగులే అవతలి పక్క మెదడుకి దాటతాయి. పక్షుల్లో దాదాపు అన్నీ దాటతాయి. చేతులు కట్టుకుంటే కుడిచెయ్యి ఎడమపక్కకి, ఎడమచెయ్యి కుడిపక్కకి వచ్చినట్టు, కుడి కన్ను చూసింది ఎడమ మెదడుకి, ఎడమ కన్ను చూసింది కుడి మెదడుకి చేరుతుంది.

కంటి నుంచి మెదడులోకి రెండు దారులున్నాయి. కోడిలో పెద్ద దారి ఆప్టిక్ టెక్టమ్ అనే భాగానికి, అక్కణ్ణుంచి రోటండస్ అనే కేంద్రం మీదుగా ఎంటోపాలియం అనే భాగానికి వెళ్తుంది. రంగు, ఆకారం, కదలిక పోల్చుకోవడానికి ఇదే ఆధారం. రెండో దారి థాలమస్ మీదుగా మెదడు పైభాగాన ఉన్న వుల్స్ట్‌కి చేరుతుంది. గుడ్లగూబలో ఈ వుల్స్ట్ బాగా పెద్దది. రెండు కళ్లు చూసినదాన్ని కలిపి దూరం అంచనా కట్టే కణాలు అక్కడున్నాయని 1976లో పెట్టిగ్రూ, కొనిషి అనే శాస్త్రవేత్తలు చూపించారు.

ఇప్పుడు గుడ్డు దగ్గరికి వద్దాం. గుడ్డుని దీపానికి అడ్డంపెడితే పెంకులోంచి వెలుగు కనిపిస్తుంది కదా. కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు. చివరి రోజుల్లో లోపలి పిల్ల తల ఒక పక్కకి తిరిగి ఉంటుంది. ఎడమ కన్ను ఒంటికి ఆనుకుని చీకట్లో ఉండిపోతుంది, కుడి కన్ను పెంకువైపు ఉంటుంది. పొదిగే పెట్ట మేతకి లేచినప్పుడల్లా గుడ్ల మీద పడే వెలుగు ఆ కుడి కంటికే అందుతుంది. ఆ వెలుగువల్ల వుల్స్ట్‌కి వెళ్లే దారిలో కుడి ఎడమల అల్లిక సమానంగా కాక తేడాగా పెరుగుతుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లెస్లీ రోజర్స్ 1982 నుంచీ దీన్ని పరిశోధించారు. ఎడమ కంటికి వెలుగు పడేలా చేస్తే ఆ తేడా తలకిందులైంది.

ఈ తేడావల్లనే పని పంపకం కుదురుతుంది. గింజనీ రాయినీ వేరుచేయడంలో కుడి కన్ను మెరుగు, శత్రువుని పసిగట్టడంలో ఎడమ కన్ను చురుకు. 2004లో రోజర్స్, ఇటలీ శాస్త్రవేత్తలు కలిసి మరో పరీక్ష చేశారు. పిల్లలు గింజలు ఏరుకుంటుండగా వాటి పైనుంచి గద్దలాంటి బొమ్మని కదిలించారు. గుడ్డులో వెలుగు సోకిన పిల్లలు రెండు పనులూ చక్కబెట్టుకున్నాయి. పూర్తి చీకట్లో పొదిగినవి తడబడ్డాయి.

అమ్మలారా, అయ్యలారా, ఇది కోళ్ల సంగతి మాత్రమే కాదు. మన పసిపిల్లల్లో చూపుకి సంబంధించిన నరాల అల్లిక గర్భంలోనే మొదలైనా, పూర్తయ్యేది పుట్టాకే. రెండు కళ్లలోనూ స్పష్టమైన బొమ్మ పడితేనే అది సరిగ్గా కుదురుకుంటుంది. పుట్టుకతో శుక్లం ఉన్నా, మెల్లకన్ను ఉన్నా, మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేయవచ్చు. ఆ తర్వాత కన్ను బాగుచేసినా చూపు పూర్తిగా రాకపోవచ్చు. పిల్లుల మీద ప్రయోగాలతో ఈ సంగతి తేల్చిన హ్యూబెల్, వీజెల్‌లకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది.

అందుకే మెల్లకన్ను అదృష్టమని మురిసిపోకండి. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని ఊరుకోకండి. పాప కంటిపాప తెల్లగా కనిపించినా, మూడు నెలలు దాటాక కూడా బిడ్డ మీ ముఖంకేసి చూపు నిలపకపోయినా, వెంటనే కంటి డాక్టరుకి చూపించండి. ఎంత తొందరగా చూపిస్తే అంత చూపు దక్కుతుంది.