రక్తం తక్కువ అనగానే టానిక్కేనా?
(రోగుల కుటుంబ సభ్యుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



"రక్తం తక్కువుందట, టానిక్కు రాయండి" అని అడిగేవారు చాలామంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. అయితే అందరికీ కారణం ఒకటి కాదు.

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొత్త కణాల తయారీకి ఇనుము కావాలి. తిండిలో ఇనుము చాలకపోయినా, నెలసరిలో రక్తం ఎక్కువగా పోయినా, మలం కలిసిన మట్టిలో చెప్పులు లేకుండా నడిచి కొంకి పురుగులు పట్టినా కణాలు చిన్నవై పాలిపోతాయి. తిన్న వెంటనే తాగే చాయ్ కూడా ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మగ్గం దగ్గరికే చాయ్ వచ్చే దుబ్బాకలో ఈ మాట రుచించదని తెలుసు! కనీసం గంట ఆగండి. ఇవన్నీ మనం సరిదిద్దుకోగలిగినవే.

రెండో కారణం తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువు. తలసీమియా మైనర్ ఉన్నవారి కణాలూ చిన్నవిగానే ఉంటాయి. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. ఇనుము లోపం లేకపోతే టానిక్కు వారికి పనిచేయదు. భార్యాభర్తలు ఇద్దరికీ ఈ లక్షణం ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక బిడ్డకు వచ్చింది గనుక తర్వాత ముగ్గురికి రాదనుకోవడం పొరపాటు. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే లక్షణం ఉండే అవకాశం ఎక్కువ.

ఇలాంటి బిడ్డ పుడితే కోడలినే నిందించే ఇళ్ళున్నాయి. అది అన్యాయం. జన్యువు ఇద్దరి నుంచీ రావాలి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ప్రభువు ఎవరి పాపమూ కాదన్నాడు. నిజానికి మలేరియా ప్రబలిన ప్రాంతాల్లో ఈ లక్షణం ఉన్నవారు ఆ జ్వరాన్ని కొంత తట్టుకున్నారు. అందుకే అది తరతరాలుగా నిలిచింది.

మేజర్ ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. దానితో ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని తొలగించే మందులు తప్పకుండా వాడాలి. ఆ పిల్లలకు ఇంట్లో సొంతంగా ఇనుము టానిక్కు పట్టకండి. 1998లో ఏర్పడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ హైదరాబాదులో ఇలాంటి పిల్లలకు సేవ చేస్తోంది.

పెళ్ళికి ముందు, లేదా గర్భం అని తెలియగానే, హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష అడగండి. ఇనుము లోపం బాగా ఉంటే ఆ ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. అప్పుడు లోపం సరిచేసి మళ్ళీ చూస్తారు. గర్భిణి విషయంలో మాత్రం ఆగకుండా భర్తకూ వెంటనే పరీక్ష చేయించాలి. ఇద్దరికీ లక్షణం ఉంటే కడుపులోని బిడ్డకు మూడో నెలలోనే పరీక్ష చేయవచ్చు. అందుకే మొదటిసారి చూపించుకోవడానికి వచ్చేటప్పుడే భర్తనూ వెంట తీసుకురండి.