ఐ.పి. పెట్టినవాడు మళ్ళీ కొట్టు తెరవగలడా?

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుని మనం ఏటా ఈ రోజున కలుసుకుంటాం. పెన్షను ప్రభుత్వం వేసే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని ఆ తీర్పు చెప్పింది. ఈ వేదిక మీద సాధారణంగా డి.ఆర్. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను వేరే విషయం మీద మాట్లాడమన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల ఇళ్ళూ కొట్లూ మునిగినప్పుడు మన సభ్యుల పిల్లల్లో కొందరి సరుకు నీళ్ళపాలైంది. అప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. "మావాడు ఐ.పి. పెడితే ఇక వాడి బతుకు అంతేనా? మళ్ళీ వ్యాపారం చేసుకోనిస్తారా?" అని ఇద్దరు ముగ్గురు ఆయన్ని అడిగారట. నేను ముప్పై ఏళ్ళకు పైగా సివిలు కోర్టులో గుమాస్తాగా చేసినవాణ్ణి. అంతకంటె ముఖ్యంగా, ఆ ఐ.పి. మా ఇంటికీ వచ్చింది. అందుకే ఒప్పుకున్నాను.

మన కృష్ణా జిల్లాలో చదువురానివాళ్ళకు కూడా తెలిసిన ఇంగ్లీషు అక్షరాలు రెండున్నాయి. అవే ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషను. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద సబ్ కోర్టులో, అంటే ఇప్పటి సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. 2016లో పార్లమెంటు కొత్త దివాలా చట్టం చేసింది. కాని అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగతంగా పూచీ ఉన్నవారి వరకే అమల్లోకి తెచ్చారు. చిన్న కొట్టు పెట్టుకున్న మనవాళ్ళకు ఇంకా ఆ వందేళ్ళ నాటి చట్టమే దిక్కు.

అది నడిచే తీరు ఇదీ. అప్పులపాలైనవాడు తన ఆస్తుల జాబితా, తనకు అప్పిచ్చినవాళ్ళ జాబితా కోర్టులో దాఖలు చేస్తాడు. అప్పిచ్చినవాళ్ళందరికీ నోటీసులు వెళతాయి. కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి అఫీషియల్ రిసీవరు చేతికి వెళుతుంది. రిసీవరు దాన్ని అమ్మి, ఖర్చులు పోను మిగిలింది దామాషా ప్రకారం పంచుతాడు. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. అయింది సగమే. కోర్టు ఒక గడువు పెడుతుంది. ఆ లోపల దివాలాదారు డిశ్చార్జికి, అంటే విడుదలకు దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే దివాలా ఉత్తర్వే రద్దయి పాత అప్పులన్నీ మళ్ళీ మెడకు చుట్టుకుంటాయి. ఐ.పి. పెట్టి డిశ్చార్జి సంగతి మరిచిపోయినవాళ్ళను నా సర్వీసులో చాలామందిని చూశాను.

ఇక మా ఇంటి సంగతి. ఇది చెప్పడానికి మా తమ్ముడి అనుమతి తీసుకున్నాను. "చెప్పు అన్నయ్యా, ఊరందరికీ తెలిసిందే కదా" అన్నాడు.

వాడు కృత్తివెన్ను వైపు రొయ్యల మేత వ్యాపారం చేసేవాడు. 1990 తర్వాత ఆ వైపు వరిచేలు చాలావరకు రొయ్యల చెరువులయ్యాయి. మేత అరువు మీద ఇచ్చి, రొయ్యలు పట్టాక డబ్బు తీసుకోవడం పద్ధతి. ఆ అరువు ఇవ్వడానికి వాడు ప్రామిసరీ నోట్ల మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చాడు. 1994-95లో తెల్లమచ్చల వైరస్ వచ్చింది. టైగరు రొయ్య చెరువుల్లోనే చచ్చిపోయింది. రైతు దగ్గర డబ్బు లేదు. వీడికి రావలసింది రాలేదు, వీడు ఇవ్వవలసింది ఆగలేదు.

1996లో ఒక రాత్రి మా ఇంటికి వచ్చాడు. "అన్నయ్యా, ఐ.పి. పెడదామనుకుంటున్నాను. ముందుగా ఇల్లు, రెండెకరాలు మీ మరదలి పేర రాసేస్తాను. కాగితాలు చూసిపెట్టు" అన్నాడు. నేను చూడనన్నాను. దివాలా పిటిషను వేయడానికి ముందు రెండేళ్ళలోపు అలా ఉత్తినే రాసిచ్చిన ఆస్తిని రిసీవరు వెనక్కి రప్పించగలడు. మోసంతో దాచాడని తేలితే శిక్ష కూడా ఉంది. "ఇప్పుడు ఆస్తి దాస్తే, రేపు నువ్వు కొట్టు తెరిచినా ఎవరూ గడప తొక్కరు" అన్నాను. వాడికి కోపం వచ్చింది. పెట్టిన కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు.

పిటిషను నేను పనిచేసే కోర్టుకే వచ్చింది. శిరస్తాదారుగారితో చెప్పి ఆ ఫైలు నా సీటుకు రాకుండా చూసుకున్నాను. కాని అప్పిచ్చినవాళ్ళ జాబితా చూడకుండా ఉండలేకపోయాను. ఇరవైమూడు పేర్లు. అందులో మా ఇద్దరికీ చిన్నప్పుడు పాఠాలు చెప్పిన టీచరుగారి పేరు కూడా ఉంది. రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీలోంచి నలభై వేలు నోటు మీద ఇచ్చారామె.

నోటీసు అందిన వారంలోనే ఆమె మా ఇంటికి వచ్చారు. "మీ కుటుంబాన్ని చూసి ఇచ్చాను బాబూ. కోర్టులో పనిచేసేవాడివి కదా, నాకేమన్నా వస్తుందంటావా?" అని అడిగారు. చచ్చినవాడి పెళ్ళికి వచ్చిందే కట్నం అని కోర్టు వరండాలో రోజూ వినే సామెత ఆమె ముందు నా నోట రాలేదు. "క్లెయిము వేయండి టీచరుగారూ" అని ఫారం నింపి ఇచ్చాను.

ఆ తర్వాత మూడేళ్ళు నేను తమ్ముడి గడప తొక్కలేదు. పండక్కి పిలవలేదు. మరదలు పిల్లలకు ఏం పెడుతోందో అడగలేదు. నా కోపానికి మరో కారణం కూడా ఉంది. వాడి బ్యాంకు అప్పుకు నేను హామీదారుణ్ణి. అసలు బాకీదారుకు డిశ్చార్జి వచ్చినా హామీదారుకు విడుదల లేదని చట్టంలోనే ఉంది. మా అమ్మాయి పెళ్ళికని దాచుకున్న జి.పి.ఎఫ్.లోంచి తీసి కట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ డబ్బు పోయినందుకు బాధ లేదు. మాట్లాడకుండా గడిపిన మూడేళ్ళకే బాధ.

తమ్ముడు ఆస్తి దాచలేదు. ఇల్లూ పొలమూ రిసీవరుకు అప్పగించి అద్దె ఇంట్లోకి మారాడు. మూడేళ్ళ చిట్టా, ఆవర్జా పుస్తకాలు కోర్టులో పెట్టాడు. అన్నీ అమ్మి పంచితే రూపాయికి పద్దెనిమిది పైసలు వచ్చాయి. చట్టం ప్రకారం రూపాయికి అర్ధరూపాయి కూడా రాకపోతే పూర్తి డిశ్చార్జి ఇవ్వరు. అది తన తప్పు వల్ల జరగలేదని దివాలాదారు కోర్టును ఒప్పించాలి. సరైన లెక్కల పుస్తకాలు లేకపోయినా ఇవ్వరు. వైరస్ వాడు తెచ్చింది కాదు. ఏ రైతుకు ఎన్ని బస్తాల మేత వెళ్ళిందో పుస్తకంలో ఉంది. 1999లో డిశ్చార్జి ఇచ్చారు. ఆ రాత్రి వాడు మళ్ళీ మా ఇంటికి వచ్చాడు. "ఆరోజు నువ్వు కాగితాలు చూడకపోవడమే మంచిదైంది అన్నయ్యా" అన్నాడు. కాఫీ తాగి వెళ్ళాడు.

ఆ మూడేళ్ళూ వాడు విజయవాడ వన్ టౌనులో ఒక గోనె సంచుల కొట్లో గుమాస్తాగా చేశాడు. డిశ్చార్జి రాని దివాలాదారు యాభై రూపాయలో అంతకు మించో అప్పు తీసుకోవాలంటే తన సంగతి ముందే చెప్పి తీసుకోవాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. వాడు టీ కొట్లో కూడా ఖాతా పెట్టలేదు.

2000లో సొంతంగా మొదలుపెట్టాడు. మిల్లుల దగ్గర పాత గోనె సంచులు నగదుకు కొని, చిరుగులు కుట్టించి, ధాన్యం వ్యాపారులకు నగదుకే అమ్మడం. పెట్టుబడి ఎనిమిది వేలు, మరదలి దుద్దులు అమ్మిన డబ్బు. కుట్టేది మరదలూ మరో ఇద్దరు ఆడవాళ్ళూ. తర్వాత ధాన్యం మీద కప్పే బరకాలు, తాళ్ళు కలిపాడు. మొదట్లో "ఐ.పి. వాడి కొట్టు" అనేవారు. అరువు ఇవ్వడు, తీసుకోడు కాబట్టి ఆ మాట వాణ్ణి పెద్దగా దెబ్బతీయలేదు.

పాత బాకీలు చట్టప్రకారం ఇక ఇవ్వనక్కరలేదు. అయినా 2001 నుంచి నెలకు వెయ్యి చొప్పున టీచరుగారికి కట్టడం మొదలుపెట్టాడు. రిసీవరు ద్వారా వచ్చిన ఏడువేల రెండువందలు పోను ఇంకా ముప్పైరెండు వేల ఎనిమిది వందలు ఉంది. ముప్పైరెండు కంతులు ఆమె చేతికే ఇచ్చాడు. ఆఖరి ఎనిమిది వందలు తీసుకువెళ్ళేసరికి ఆమె లేరు. వాళ్ళమ్మాయి నోటు తెచ్చి ఇచ్చి, "మీరు అడగొద్దు, వాడే తెస్తాడు అని అమ్మ చెప్పి పోయింది" అన్నదట. తర్వాత మిగిలినవాళ్ళకు, చిన్న మొత్తాలవాళ్ళతో మొదలుపెట్టి, వడ్డీ లేకుండా అసలు వరకు 2012 దాకా ఇస్తూ వచ్చాడు.

ఈ సంగతి నలుగురికీ తెలిశాక మిల్లులవాళ్ళే సంచులు అరువు మీద పంపుతామన్నారు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చి చెరువులు మళ్ళీ కళకళలాడినప్పుడు మేత అమ్మమని కబురు వచ్చింది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి అంటారు కదా, ఒప్పుకున్నాడు. కాని తన సొంత డబ్బు ఎంత ఉందో అంతవరకే రైతులకు అరువు. అప్పు తెచ్చి అరువివ్వడం మళ్ళీ చేయలేదు.

ఇలా కట్టినవాడు మావాడొక్కడే కాదు. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ ప్రచురణ సంస్థ 1894లో దివాలా తీసింది. అచ్చు అక్షరాలు కూర్చే యంత్రం మీద పెట్టిన డబ్బు కూడా పోయింది. ఆయన దాదాపు అరవై ఏళ్ళ వయసులో ప్రపంచమంతా తిరిగి ప్రసంగాలిచ్చాడు. ఆ ప్రయాణంలోనే 1896లో మన దేశానికీ వచ్చాడు. 1898 నాటికి అప్పులన్నీ తీర్చేశాడు.

మన పక్కనే ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో ఒక రైతు అప్పులపాలై భూములు పోగొట్టుకుని దివాలా ప్రకటించాడు. ఆ అవమానం భరించలేక కొడుకు వంద రూపాయలతో, ఇంట్లో చెప్పకుండా బొంబాయి వెళ్ళిపోయాడు. ఆ కొడుకే ఎల్.వి. ప్రసాద్ గారు. తొలి హిందీ టాకీ ఆలం ఆరాలో, తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో చిన్న వేషాలు వేసి, 1950లో షావుకారు సినిమాకు దర్శకుడయ్యారు. హైదరాబాదులో 1987లో మొదలైన కంటి ఆస్పత్రి ఆయన పేరనే ఉంది. అయితే ఇల్లు విడిచిపోయిన పిల్లలందరూ ఎల్.వి. ప్రసాద్‌లు కాలేరు. చాలామంది తిరిగే రారు. మా తమ్ముడి పిల్లల విషయంలో నేను ఆనాడు ఇది ఆలోచించలేదు.

చివరగా నాలుగు మాటలు. మొదటిది, డిశ్చార్జి గడువు మరవకండి. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసి భద్రపరచండి. రెండవది, డిశ్చార్జి వచ్చినా ప్రభుత్వానికి కట్టవలసిన బకాయిలు, మోసం చేసి తెచ్చిన అప్పులు, కోర్టు వేసిన మనోవర్తి పోవు. మూడవది, ఇప్పుడు బ్యాంకులు సిబిల్ వంటి సంస్థల రికార్డు చూస్తాయి. ఏడాదికొకసారి ఆ రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. బేరమాడి కొంత తగ్గించి కట్టిన అప్పు "సెటిల్డ్" అని, పూర్తిగా తీర్చింది "క్లోజ్డ్" అని పడుతుంది. కొత్త అప్పు అడిగినప్పుడు ఈ రెంటికీ తేడా తెలుస్తుంది. నాల్గవది మన గురించి. పెన్షను, జి.పి.ఎఫ్. జప్తు కాకుండా చట్టం కాపాడుతుంది. హామీ సంతకం పెట్టాక మీ ఇంటినీ డిపాజిట్లనూ కాపాడదు. గ్రాట్యుటీ అంతా ఒక్క నోటు మీద ఎవరికీ ఇవ్వకండి, సొంత తమ్ముడైనా సరే.

కార్యదర్శిగారి ప్రశ్నకు నా జవాబు ఇది. తెరవగలడు. కోర్టు ఇచ్చే డిశ్చార్జి కొట్టు తెరవడానికి అనుమతి మాత్రమే. జనం నమ్మకం కావాలంటే లెక్క దాచకుండా చూపాలి, ఇవ్వనక్కరలేని బాకీ కూడా కొద్దికొద్దిగా ఇవ్వాలి. అది కుదిరేదాకా ఆ ఇంటి గడప తొక్కడం మన వంతు. డబ్బు సాయం చేయలేకపోతే పండక్కి పిలవండి, చాలు.