పింగాణి మట్టి గనులు - నేల పునరుద్ధరణ



పింగాణి పాత్ర తెలుపును మెచ్చుకొననివారు లేరు. ఆ తెలుపు కొరకు భూమిలో ఎంత గోయి పడినదో తలచువారు అరుదు. గనిలో పని ముగిసిన పిమ్మట ఆ నేల యేమగును? దానిని మరల నేలగా చేయుట యెట్లు? చేసినట్లు కాగితముపై వ్రాయుటకును, నిజముగా చేయుటకును గల భేదమేమి? ఈ మూడు ప్రశ్నలే నేటి ప్రసంగ విషయము.

ఈ మట్టికి శాస్త్రజ్ఞులు వాడు కేయోలిన్ అను పేరు చైనాలోని ఒక కొండ పేరునుండి వచ్చినది. గ్రానైటు రాతిలోని ఫెల్‌స్పారు అను ఖనిజము యుగయుగములుగా శిథిలమై ఈ మెత్తని తెల్లమట్టిగా మారును. పాత్రలకే గాక కాగితమునకు నునుపు నిచ్చుటకును, రంగులకును, రబ్బరునకును ఇది కావలెను. భారతదేశమున కేరళ, రాజస్థాన్, గుజరాత్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రములందు ఈ గనులు కలవు. తెలుగునాట ద్వారకాతిరుమల పరిసరములందు దీనికి దాయాది యైన బాల్ క్లే అను జిగటమట్టి దొరకును.

ఈ గనుల విషయమున నేర్వదగిన పాఠములు ఇంగ్లండు నైరుతి మూలనున్న కార్న్‌వాల్ సీమలో పెక్కు కలవు. అచ్చటి మట్టితో పింగాణి చేయుటకు విలియం కుక్‌వర్దీ 1768లో పేటెంటు పొందెను. నాటినుండి త్రవ్వకము సాగుచున్నది. ఒక టన్ను మట్టి తీసినచో సుమారు తొమ్మిది టన్నుల ఇసుక, రాయి, అభ్రకపు బురద మిగులును. ఇసుక తెల్లని గుట్టలై నిలువగా, జనులు వానిని కార్న్‌వాల్ ఆల్ప్స్ అని పిలిచిరి. బురద కలిసిన సెంట్ ఆస్టెల్ నది పాలవలె పారి తెల్లనది అను పేరు పొందెను. ఆ తెలుపు చూచువారికి వింత; జలచరములకు ఆపద.

1966 అక్టోబరు 21న వేల్సులోని ఆబర్‌ఫాన్ గ్రామముపై బొగ్గుగని వ్యర్థపు గుట్ట జారిపడి 144 మంది మరణించిరి. వారిలో 116 మంది పిల్లలు. అది మట్టిగని కాదు. అయినను ఆ ఘోరము ప్రతి గని గుట్టను అనుమానముతో చూడవలెనని నేర్పినది. 1969లో బ్రిటిషు పార్లమెంటు గని గుట్టల భద్రతకై ప్రత్యేక చట్టము చేసెను. కార్న్‌వాల్‌లో కూడ నిటారు గుట్టలకు బదులు మెట్లు మెట్లుగా, తక్కువ వాలుతో గుట్టలు పేర్చి గడ్డివిత్తనములు చల్లసాగిరి.

ఇచ్చటనే అసలు చిక్కు ఎదురైనది. ఎరువు వేసి గడ్డి చల్లగా మొదట పచ్చగా మొలచెను. ఎరువు మానగానే క్షీణించెను. లివర్‌పూల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆంథొనీ బ్రాడ్‌షాయు, ఆయన సహచరులును కారణము శోధించిరి. ఆ ఇసుకలో నత్రజని నిల్వ దాదాపు శూన్యము. వేసిన ఎరువు వానకు కొట్టుకొనిపోవును. నేల తనంతట తాను నిలువవలెనన్నచో హెక్టారునకు సుమారు 1000 కిలోల నత్రజని మట్టిలో కూడవలెనని వారు అంచనా వేసిరి. అందుకు వారు చూపిన మార్గము గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెలలో నిలుపు లూపిను, క్లోవరు వంటి మొక్కలను పెంచుట. తెలుగు రైతు జనుము, జీలుగ చల్లి పూతదశలో కలియదున్నుట వెనుకనున్న ధర్మము కూడ ఇదియే.

ఆ సీమలోనే బొదెల్వా అను పాతగనిలో 2001లో ఈడెన్ ప్రాజెక్టు అను ఉద్యానము ప్రారంభమయ్యెను. ఆ గోతిలో మన్ను లేదు. గని వ్యర్థమునకు కుళ్లించిన ఆకు, చెత్త ఎరువును కలిపి దాదాపు 85,000 టన్నుల మన్నును మనుష్యులే తయారుచేసిరి. అది ప్రశంసనీయమే. కాని ప్రతి గోతికి అట్టి భాగ్యము పట్టదు. తీసిన పైమట్టిని మొదటినాడే విడిగా భద్రపరచినచో, కోల్పోయిన మన్నును మరల కల్పించు శ్రమలో అధికభాగము తప్పును.

ఇక భారతదేశపు నిబంధనలు. గని మూసివేత ప్రణాళిక ముందుగనే సమర్పించవలెనను నియమము 2003లో వచ్చినది. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన, అనుమతి పొందినవారు ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు షరతుల అమలుపై నివేదిక లీయవలెనని విధించినది. ఐదు హెక్టారులకు లోబడిన చిన్న ఖనిజ లీజులకు కూడ పర్యావరణ అనుమతి కావలెనని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించినది. 2015 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము పింగాణి మట్టితో సహా 31 ఖనిజములను చిన్న ఖనిజములుగా ప్రకటించగా, వాని నియమములు చేయు అధికారము రాష్ట్రములకు చేరెను. త్రవ్వకము ముగిసిన నేలలో పశుగ్రాసము మొలచునట్లు మరల గడ్డి పెంచవలెనను షరతును లీజులలో చేర్చుమని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించినది.

కావున నియమములకు కొదువ లేదు. కొదువ చూపులో కలదు. తనిఖీనాటికి మొలచిన పచ్చదనము నివేదికకు చాలును, నేలకు చాలదు. వదలిన గోతిలో వాననీరు నిలిచి, ఈతకు దిగిన పిల్లవాడు మునిగినచో ఏ నివేదికయు అతనిని బ్రతికింపజాలదు. అందుచేత ఇట్టి ఫైలు చేతికి వచ్చిన ఉద్యోగి కొన్ని ప్రశ్నలు తప్పక అడుగవలెను. పైమట్టి ఎచ్చట నిల్వచేసిరి? గుట్ట వాలు ఎంత? బురదనీరు తేరిన పిదపనే వాగులోనికి పోవుచున్నదా? గోతి అంచులకు కంచె కలదా? ఎరువు మానిన మూడవ ఏట కూడ గడ్డి నిలిచియున్నదా?

ఈ చివరి ప్రశ్నకు సమాధానము కార్యాలయమున దొరకదు. ఆ నేలపై నిలిచి చూడవలెను. అట్లు చూచి చేసిన సంతకమునకే విలువ. ఆ గని చుట్టుపట్ల పశువులు మేపుకొను కుటుంబములు ఆ ఉద్యోగి పేరు ఎరుగకపోవచ్చును. కాని వారి బ్రతుకుదెరువు ఆ సంతకముపై ఆధారపడియున్నది.