చిన్న ముక్కలు – చక్కని బొంత



చాలా ఇళ్ళల్లో ట్రంకుపెట్టె అడుగున సగం కుట్టి వదిలేసిన బొంత ఒకటి ఉంటుంది. రవికెలు కుట్టగా మిగిలిన ముక్కలన్నీ పోగుచేసి సరదాగా మొదలుపెడతాం. నాలుగు వరసలయ్యేసరికి ఒక వరస పొడుగు, ఒక వరస పొట్టి! విసుగొచ్చి పక్కన పడేస్తాం. "నీకు ఓపిక లేదు" అని ఇంట్లోవాళ్ళు అననే అంటారు. లోపం ఓపికలో కాదండీ, లెక్కలో ఉంది.

రెండంగుళాల చదరపు ముక్క తీసుకుంటే, నాలుగు వైపులా పావంగుళం కుట్టులోకి పోతుంది. పైకి కనబడేది అంగుళన్నరే. 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు గల చిన్న బొంతకి వరసకి 24 చొప్పున 30 వరసలు, మొత్తం 720 ముక్కలు కావాలి. కుట్టులోకి వీసం అంగుళం ఎక్కువ పోయిందనుకోండి. రెండు ముక్కలకీ కలిపి అతుకు అతుక్కీ పరక అంగుళం తగ్గుతుంది. వరసలో 23 అతుకులు! దాదాపు మూడంగుళాలు మాయమైనట్టే. అందుకని సూది నుంచి సరిగ్గా పావంగుళం కొలిచి, మిషను మీద గుర్తుగా రంగుకాగితం అంటించుకోండి. గుడ్డ అంచు దాన్ని ఒరుసుకుంటూ పోవాలి.

అన్ని ముక్కలూ విడివిడిగా కత్తిరించనక్కర్లేదు. అమెరికాలో ఫ్లోరిడా ప్రాంతపు సెమినోల్ స్త్రీలు చేతిమిషన్ల మీద చేసిన పద్ధతి ఒకటుంది. ముందు పొడుగు పట్టీలు కలిపి కుట్టడం, తర్వాత అడ్డంగా కోయడం. మనమూ అలాగే చేద్దాం. రెండంగుళాల వెడల్పు, అడుగు పొడవు పట్టీలు మూడు తీసుకోండి: ముదురు, లేత, ముదురు. నిలువుగా కలిపి కుట్టి, రెండేసి అంగుళాలకి అడ్డంగా కోస్తే ఆరు వరసలొస్తాయి. పన్నెండు చిన్న కుట్లకి బదులు రెండే కుట్లు! ఇంకో జత లేత, ముదురు, లేతగా కుట్టుకోండి. మొదటి రకం రెండు వరసల మధ్య రెండోరకం వరస ఒకటి పెట్టి కలిపితే తొమ్మిది గళ్ళ చదరం తయారవుతుంది.

కుట్టు మడతల్ని ఎప్పుడూ ముదురు రంగు వైపుకే తిప్పి ఇస్త్రీ చేయండి. అప్పుడు పక్క వరసల మడతలు ఎదురెదురుగా వచ్చి ఒకదానికొకటి ఒదుగుతాయి. మూలలు కలుస్తాయి, దొడ్డుగా ఉండదు.

పడుగు పేకల వెంటే కత్తిరించండి. ఐమూలగా కోస్తే సాగిపోతుంది. కొత్త నూలుగుడ్డ ముందుగా తడిపి ఆరబెట్టాలి. ముదురు రంగుల్ని తడిగా ఉండగా తెల్లగుడ్డతో ఒత్తి చూడండి. రంగు అంటితే ఆ ముక్క వద్దు. నూలుతో పాలిస్టరు కలపకండి. ఒకటి కుంచించుకుపోయి, ఒకటి పోక, అతుకుల దగ్గర ముడతలు పడతాయి.

అడుగున మెత్తటి పాత నూలుచీర మడతలు పెట్టి, బెత్తెడు ఎడం మించకుండా చేత్తో కుట్లు వేయండి. ఏడాది నిండని పాపాయికి నిద్రలో బొంత కప్పకండి. మెలకువగా ఉన్నప్పుడు ఆడుకోవడానికి కింద పరవండి.

720 ముక్కలంటే గుండె గుభేలుమంటుంది. కానీ అవి 80 చదరాలే. మధ్యాహ్నం పని తెమిలాక రోజుకి రెండు కుట్టుకుంటే నలభై రోజుల్లో చదరాలన్నీ చేతికొస్తాయి. ఇక వాటిని కలుపుకోవడమే.